ఇసుక అందరిదీ, దారి ఒక్కరిదా?

శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన, హాఫ్ మూన్ బే ఊరు దాటాక, హైవే 1 మీంచి సముద్రం వైపు ఒక రోడ్డు దిగుతుంది. దాని చివర మార్టిన్స్ బీచ్. అటూ ఇటూ నిటారు కొండచరియలు, మధ్యలో నెలవంకలా ఇసుక. పక్క బీచ్ నుంచి ఒడ్డునే నడిచి వద్దామంటే చరియలు అడ్డం. వస్తే ఆ ఒక్క రోడ్డు మీదే రావాలి, లేదంటే సముద్రంలోంచి రావాలి. పాత యజమానుల కుటుంబం కారుకింత అని పార్కింగ్ డబ్బులు తీసుకుని దశాబ్దాల పాటు జనాన్ని రానిచ్చింది. ఒక చిన్న కొట్టు, బాత్రూమ్‌లు కూడా పెట్టింది. ఒడ్డుకొచ్చే చిన్న చేపల కోసం వలలు భుజానేసుకుని కుటుంబాలు వచ్చేవి, సర్ఫింగ్ కుర్రాళ్లు వచ్చేవాళ్లు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ ఖోస్లా ఆ ఆస్తిని 3.25 కోట్ల డాలర్లకు కొన్నారు. కొన్నాళ్లు పాత పద్ధతే నడిచింది. ఆ తర్వాత గేటుకి తాళం పడింది.

ఆ తాళం తెరిపించడానికి నడిచిన కేసులు ఒక పెద్ద సీరియల్. 2012లో గేటు దాటి లోపలికెళ్లిన ఐదుగురు సర్ఫర్లను అరెస్టు చేసి, తర్వాత కేసు ఎత్తేశారు. 2013లో ఒక జడ్జి, ఈ భూమి మెక్సికో హయాంలో ఇచ్చిన పట్టా కింద వచ్చింది కాబట్టి 1848 నాటి ఒప్పందం ప్రకారం యజమాని మాటే చెల్లుతుందన్నారు. అంటే సర్ఫ్‌బోర్డు చంకలో పెట్టుకుని వచ్చే కుర్రాడు అమెరికా, మెక్సికో యుద్ధం ముగిసినప్పటి కాగితాలు కూడా చదువుకుని రావాలన్నమాట. మరుసటేడు, బీచ్‌ల కోసం పోరాడే సర్ఫ్‌రైడర్ ఫౌండేషన్ వేసిన ఇంకో కేసులో ఇంకో జడ్జి, తీరంలో జనం వాడుకుంటున్న గేటు మూసెయ్యడం కూడా చట్టం దృష్టిలో ‘డెవలప్‌మెంటే’, దానికి కోస్టల్ కమిషన్ (కాలిఫోర్నియా తీరాన్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ) పర్మిట్ ఉండాల్సిందే అన్నారు. 2017లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. పేపర్లన్నీ ‘జనం గెలిచారు’ అని రాశాయి. నిజానికి జనం గెలుచుకున్నది చాలా చిన్న ముక్క. పర్మిట్ లేకుండా మూయకూడదు, అంతే. ఆ దారి మీద జనానికి శాశ్వత హక్కు ఉందా లేదా అన్నది అక్కడ తేలనే లేదు. మధ్యలో ప్రభుత్వం పోనీ ఆ దారి హక్కు మేమే కొంటాం, ఎంతకిస్తారని అడిగితే, యజమాని తరఫున చెప్పిన ధర 3 కోట్ల డాలర్లు. మొత్తం ఆస్తి కొన్నది 3.25 కోట్లకి!

ఈ కేసుని వదలకుండా చదువుతూ వచ్చాను. కోటీశ్వరుడు, పేద సర్ఫర్లు అన్న కథ మీద నాకంత ఆసక్తి లేదు. నన్ను పట్టుకున్నది ఆ రోడ్డు. బీచ్ తగాదా ఎక్కడ వచ్చినా అందరం ‘ఇసుక ఎవరిది?’ అని మొదలుపెడతాం. చాలాచోట్ల చట్టం ఆ ప్రశ్నకి ఎప్పుడో జవాబు చెప్పేసింది, కనీసం తడి ఇసుక వరకూ అది అందరిదీ. అక్కడికి ఎటునుంచి వెళ్లాలో మాత్రం చెప్పలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత ఇలాంటి వ్యవహారం చూసే పుట్టి ఉంటుంది. బావి నీళ్లు ఊరందరివీ అని రాసిపెట్టి, బావి చుట్టూ గోడ కట్టే హక్కు ఒకరికిస్తే ఆ రాతకి విలువేముంది? అందుకే నా వాదన ఇసుకని వదిలేసి దారిని పట్టుకుంటుంది. బీచ్ మీద జనానికి హక్కుందంటే దారి కూడా అందులో భాగమై ఉండాలి. అది మ్యాపులో ఎక్కి ఉండాలి, యజమాని మంచితనం మీద ఆధారపడకూడదు, దాని నిర్వహణ ఖర్చు జనం సొమ్ములోంచి రావాలి.

ఇసుక గీత గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అదే పెద్ద మాయ. 533లో జస్టీనియన్ చక్రవర్తి పేరిట వచ్చిన రోమన్ న్యాయగ్రంథం గాలి, పారే నీరు, సముద్రం, దాంతోపాటు సముద్రపు ఒడ్డు ప్రకృతి ధర్మం ప్రకారం అందరివీ అంది. ఒడ్డు ఎక్కడిదాకా అంటే, చలికాలంలో పెద్ద అల ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా. ఎవరైనా కళ్లతో చూసి చెప్పగలిగిన గీత. ఇప్పటి అమెరికాలో చాలా రాష్ట్రాల లెక్క వేరు. పోటు నీళ్లు తాకే ఎత్తుకి సగటు కట్టి, ఆ గీత కిందది ప్రభుత్వానిదీ, పైది యజమానిదీ అంటారు. ఆ సగటు కట్టడానికి దాదాపు 18.6 ఏళ్ల పోట్లు తీసుకోవాలని 1935లో సుప్రీంకోర్టు చెప్పింది, చంద్రుడు తిరిగే కక్ష్యే మెల్లగా ఒక చుట్టు తిరగడానికి అంత కాలం పడుతుంది కాబట్టి. శాస్త్రం ప్రకారం సబబే. కానీ ఇసుకలో నిలబడి ‘ఇదిగో గీత’ అని కాలితో గీసి చూపించగలిగినవాడు ఎవడూ లేడు, సర్వేయరు పరికరాలతో వస్తే తప్ప. వచ్చినా అది ఆ రోజు గీత. చలికాలం తుపాన్లకి ఇసుక కొట్టుకుపోతే గీత వెనక్కి జరుగుతుంది, ఎండాకాలం మళ్లీ ముందుకొస్తుంది.

మెయిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో ఇంకా విచిత్రం. అక్కడ యజమాని హక్కు ఆటు గీత దాకా, అంటే నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు బయటపడే ఇసుక మీద కూడా ఉంటుంది. 1640లలో వలస ప్రభుత్వం, జనం సొంత ఖర్చుతో పడవల రేవులు కట్టుకుంటారని ఆ భూమి ఇచ్చేసి, మూడు పనులకి మాత్రం అందరికీ వెసులుబాటు ఉంచింది: చేపలు పట్టడం, పిట్టల్ని వేటాడటం, పడవ నడపడం. 1989లో మూడీ బీచ్ కేసులో మెయిన్ అత్యున్నత న్యాయస్థానం ఆ మూడింటికే కట్టుబడింది. అంటే చేతిలో గాలమో తుపాకీయో ఉంటే ఆ ఇసుక మీదికి రావచ్చు, తువ్వాలు ఉంటే రాకూడదు! 2011లో అదే కోర్టు స్కూబా డైవింగ్‌కి నీళ్లలోకి నడిచి వెళ్లేవాళ్లని అనుమతించింది. నడుం వాల్చడానికి వచ్చేవాళ్ల సంగతి అడక్కండి.

హవాయిలో చట్టం జనం వైపే ఉంది. అలలు గరిష్ఠంగా ఎక్కి వచ్చే చోటు దాకా బీచ్ అందరిదీ, దానికి గుర్తుగా పచ్చదనం మొదలయ్యే గీత చూసేవారు. మరి కొందరు ఇళ్ల యజమానులు ఏం చేశారు? గీతని చెట్లు నిర్ణయిస్తాయి కదా అని ఇసుకలోనే మొక్కలు నాటి, నీళ్లు పెట్టి పెంచారు. మొక్క ముందుకెళ్తే పెరడు ముందుకెళ్తుంది. ఇలా మనుషులు నాటిన పచ్చదనం గీతని మార్చలేదని చెప్పడానికి 2006లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూర్చోవాల్సి వచ్చింది. ఈ తెలివితేటలు చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. గీత ఎంత చక్కగా గీసినా దాన్ని జరిపే ఉపాయం మనిషికి దొరుకుతుంది. దారి అలా జరగదు. కొలిచి, రాళ్లు పాతి, రిజిస్టర్లో రాస్తే అక్కడే ఉంటుంది.

కాలిఫోర్నియాలోనే మాలిబూలో ఈ దారి గొడవ నా కళ్లతో చూశాను. పసిఫిక్ కోస్ట్ హైవే మీద కారులో పోతుంటే సముద్రం పక్కనే ఉందని తెలుస్తుంటుంది గానీ కనిపించదు. గోడకి గోడ ఆనించి కట్టిన ఇళ్లు, రోడ్డు వైపు అన్నీ గారేజ్ తలుపులే. వెతగ్గా వెతగ్గా రెండు ఇళ్ల మధ్య మనిషి వెడల్పుకి కాస్త ఎక్కువ సందు, దానికి ఇనప గేటు, పక్కన అల మీద రెండు పాదాలున్న చిన్న బోర్డు. అటువైపు నడిచేవాడికి తప్ప ఆ బోర్డు కనపడదు. గేటు తాళం వేసి లేదు, అయినా తోసేముందు చెయ్యి ఆగింది. రెండు వైపులా కెమెరాలు, లోపల ఎవరిదో ఏసీ యంత్రం చప్పుడు, కాళ్ల కింద ఇసుక పేరుకున్న సిమెంటు మెట్లు. కిందికి దిగితే ఎదురుగా సముద్రం, వెనక స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్లు. పోటు పెరుగుతున్న వేళ, నీళ్లు స్తంభాల మొదళ్లని తాకి పోతున్నాయి. తడి ఇసుకలోనే నడుస్తున్నాను. ఒక సెక్యూరిటీ గార్డు వచ్చి మర్యాదగానే, ఇది ప్రైవేటు బీచ్ సార్, ముందుకెళ్లకండి అన్నాడు. చట్టం నాకు తెలుసు. తెలిసి కూడా వెనక్కి తిరిగాను. వాడితో వాదన పెట్టుకుని, వాడు పోలీసుల్ని పిలిచి, ఆ టెన్షన్ అంతా ఎందుకు అనిపించింది. ఇలా వెనక్కి తిరిగినవాళ్లు ఎంతమందో ఏ కోర్టు రికార్డులోనూ ఉండదు.

అక్కడ రోడ్డు పక్క సొంతంగా ‘నో పార్కింగ్’ బోర్డులు పెట్టుకోవడం, ఉత్తుత్తి గారేజ్ తలుపులు బిగించి ముందు కారు పెట్టనివ్వకపోవడం పాత విద్యలే. 2005లో ఒక బీచ్‌లో యజమానులు బుల్డోజర్లు పెట్టించి, నీళ్ల వైపున్న ఇసుకని తమ ఇళ్ల ముందుకి గట్టులా తోయించారు. ఇక మాట ఇచ్చి తప్పడం ఒకటి. మ్యూజిక్, సినిమా వ్యాపారంలో పేరుమోసిన డేవిడ్ గెఫెన్ 1983లో ఇంటి పర్మిట్ల కోసం పక్కన దారి వదులుతానని రాసిచ్చారు. ఆ దారి తాళంచెవి బయటికొచ్చింది 2005లో. పిల్లాడు పుట్టి కాలేజీ పూర్తిచేసేంత కాలం! 2014లో గానీ కోస్టల్ కమిషన్‌కి కోర్టుకి వెళ్లకుండా నేరుగా జరిమానా వేసే అధికారం రాలేదు. 2016లో దారి మూసిపెట్టిన ఒక ఇంటివాళ్లకి 40 లక్షల డాలర్ల పైన జరిమానా వేస్తే, 2021లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఆ దెబ్బతో కొన్ని గేట్లకి తుప్పు వదిలి ఉంటుందని నా నమ్మకం.

అసలు ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి వేరే ఉంది. చట్టం మంచివాణ్ణి శిక్షిస్తుంది.

ఎలాగో చెప్తాను. ఒక దారిని జనం ఏళ్ల తరబడి సొంత దారిలా వాడుకుంటే అది జనానిదే అవుతుందని చాలా దేశాల్లో పాత సూత్రం ఉంది. 1970లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా వాడింది. ఐదేళ్లు జనం వాడుతుంటే, యజమాని ఆపకపోతే, అతను దాన్ని జనానికి ఇచ్చేసినట్టే అంది. వినడానికి జనం గెలుపు. మర్నాటి నుంచి యజమానులు ఏం చేశారు? కంచెలు వేశారు. ‘పోనీలే పాపం’ అని ఇన్నాళ్లు ఊరుకున్నందుకు భూమి పోతుందంటే ఎవడు ఊరుకుంటాడు? ఆ వెంటనే శాసనసభ కొత్త సెక్షన్ తెచ్చి, ఈ సూత్రాన్ని లోపలి ప్రాంతాల్లో దాదాపు మూసేసి, తీరంలో మాత్రం యజమాని నోటీసు బోర్డు పెట్టి ఏటేటా కొత్తది చేసుకుంటే హక్కు పుట్టకుండా చూసుకునే వీలిచ్చింది. కాలిఫోర్నియాలో ఏ కొండ బాటలో నడిచినా, ఏ షాపింగ్ సెంటర్ ముందు నడిచినా, ‘యజమాని అనుమతితో, అతని అదుపుకి లోబడి మాత్రమే ఇటు నడవవచ్చు’ అన్న చిన్న పలక కనిపిస్తుంది. అదీ దాని కథ. రమ్మనడమే హక్కు లేదనడానికి సాక్ష్యం.

మార్టిన్స్ బీచ్‌లో 2019 తీర్పు ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. పాత కుటుంబం పార్కింగ్ డబ్బులు తీసుకుని రానిచ్చింది కాబట్టి అది వ్యాపారమే అవుతుంది, దారిని జనానికి ధారపోసినట్టు కాదంది. ఇన్ని తరాలు వచ్చినవాళ్లందరూ కస్టమర్లు. కొట్టు కట్టేస్తే కస్టమర్‌కి ఏం హక్కుంటుంది? ఇంగ్లండ్‌లో న్యూహేవెన్ వెస్ట్ బీచ్ కథ కూడా ఇలాంటిదే. రేవు అలకట్ట కట్టాక పేరుకున్న ఇసుక అది. దాదాపు 80 ఏళ్లు ఊరివాళ్లు పిల్లల్ని తీసుకుని ఆడుకున్నారు. 2006లో పోర్టు యజమానులు కంచె వేశారు. దాన్ని ఊరుమ్మడి స్థలంగా నమోదు చేయమని ఊరు అడిగితే పోర్టువాళ్లు కోర్టుకెక్కారు, 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊరికి వ్యతిరేకంగా చెప్పింది. 1931 నాటి పోర్టు నిబంధనల్లో జనం రావడానికి పరోక్షంగా అనుమతి ఉందట! అనుమతితో వచ్చినవాళ్లకి హక్కెక్కడిది? ఆ నిబంధనలు చదివి బీచ్‌కి వెళ్లిన తల్లి ఆ ఊళ్లో ఒక్కతైనా ఉండి ఉంటుందా?

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఈ చట్టం అంతకంటే ఒక మెట్టు పైన ఉంది. రానిచ్చిన యజమానికి భూమి పోతుందని భయం, వచ్చిన జనానికి హక్కు పోతుందని భయం. మొదటి రోజే కంచె వేసి కుక్కని కట్టినవాడికి ఏ భయమూ లేదు.

యజమానుల వైపు న్యాయం లేదా అంటే బోలెడంత ఉంది. నా కాలేజీ ఫ్రెండ్ ఒకడు తీరం దగ్గర ఇల్లు కొన్నాడు. బీచ్ వాడిది కాదు, బీచ్‌కెళ్లే బాట మాత్రం వాడి గోడ వారనే. ఫోన్‌లో నేను ఈ వాదన మొదలుపెట్టగానే అడ్డుపడ్డాడు.

“ఒరేయ్, నువ్వు హక్కులు హక్కులు అంటావు గానీ, శనివారం రాత్రి పదకొండింటికి నా బెడ్‌రూమ్ కిటికీ కింద స్పీకర్ పెట్టేవాడికి బాధ్యతలేం ఉండవా?”

“ఎందుకుండవురా, ఉంటాయి.”

“ఉంటే ఎవడు చూస్తాడు? పోలీసులకి ఫోన్ చేస్తే గంటకొస్తారు. పొద్దున్నే గాజుపెంకులు ఏరేది నేను. బాట అందరిదీ, చీపురు మాత్రం నాది.”

వాడు చెప్పింది అక్షరాలా నిజం. దారి జనానిదైతే దాని చెత్తబుట్ట, బాత్రూమ్, రాత్రి గేటు, కాపలా కూడా జనం ఖర్చే కావాలి. హక్కు అందరికీ పంచి బరువు ఒక్కడి నెత్తిన పెడితే, వాడు ఎంత మంచివాడైనా రెండో ఏడు గేటు గురించే ఆలోచిస్తాడు. స్కాట్లాండ్ 2003 చట్టం ఈ విషయంలో నాకు నచ్చుతుంది. అక్కడ దాదాపు ఏ భూమి మీదైనా, తీరంతో సహా, నడిచే హక్కు ఉంది. కానీ ఆ హక్కు బాధ్యతగా ప్రవర్తించినంతసేపే. ఇంటి చుట్టూ ఏకాంతానికి సరిపడా స్థలం వదలాలి. ఎవరైనా జారిపడితే యజమాని మీద కేసు వేస్తారన్న భయం ఇంకొకటి. కాలిఫోర్నియాలో ఉచితంగా రానిచ్చేవాళ్లకి ఆ బాధ్యత చాలావరకు లేకుండా 1960ల నుంచే చట్టం ఉంది. ఈ సంగతి తెలియక బోర్డులు పెట్టేవాళ్లు కొందరు, తెలిసీ సాకుగా చెప్పేవాళ్లు కొందరు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ప్రభుత్వం దారి సంపాదించే పద్ధతి అన్నిసార్లూ గౌరవంగా లేదు. వెంచురా దగ్గర నోలన్ దంపతులు శిథిలమైన చిన్న బంగళా పడగొట్టి ఇల్లు కట్టుకుంటామంటే, ఇంటి ముందు ఇసుకలో జనం నడవడానికి పట్టీ రాసిస్తేనే పర్మిట్ అంది కోస్టల్ కమిషన్. ఇల్లు పెద్దదైతే రోడ్డు మీంచి సముద్రం కనిపించదట, అందుకు బదులుగా ఇసుకలో నడక! 1987లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఇది కుదరదంది. తీసుకునేదానికీ, కలిగే నష్టానికీ సంబంధం ఉండాలంది. జనం దారులు కావాలనే నాకు కూడా ఆ తీర్పు తప్పనిపించదు. కావాల్సిన దారికి డబ్బిచ్చి కొనుక్కోవాలి, లేదా ముందే చట్టం చెయ్యాలి. పర్మిట్ కోసం వచ్చినవాడి మెడ మీద కత్తి పెట్టి రాయించుకున్న దారి గెఫెన్ దారిలా 22 ఏళ్లు తాళంలో ఉంటుంది.

ఇంతసేపూ డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు అన్నట్టు మాట్లాడాను. కథ అంత శుభ్రంగా ఉండదు. మిసిసిపీలో బిలాక్సీ తీరం చూడండి. 1947 తుపాను తర్వాత ఫెడరల్ ప్రభుత్వ సొమ్ముతో 26 మైళ్ల ఇసుక తీరం కృత్రిమంగా పోశారు. రోడ్డుకి ఇవతల ఇళ్లున్నవాళ్లు ఆ ఇసుక మాది అన్నారు. ఆ మాట పట్టుకుని పోలీసులు నల్లజాతివాళ్లని తరిమేవారు. తెల్లవాళ్లు ఎవరొచ్చినా మాత్రం ‘ఇది ప్రైవేటు’ అని ఎవరూ అనలేదు. 1959లో డాక్టర్ గిల్బర్ట్ మేసన్ పిల్లల్ని తీసుకుని ఈతకి దిగారు. 1960 ఏప్రిల్ 24న వంద మందికి పైగా నల్లజాతివాళ్లు ఆ ఇసుక మీదికి నడిస్తే, గుంపు గొలుసులతో, కర్రలతో విరుచుకుపడింది. ప్రభుత్వ డబ్బుతో పోసిన ఇసుక అందరిదీ అని అప్పీలు కోర్టు తేల్చేసరికి 1968 వచ్చింది. ప్రైవేటు అన్న బోర్డు కొన్నిసార్లు ఆస్తి గురించి పెట్టింది కానే కాదు.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే కథ కూడా ఉంది. లాస్ ఏంజెలెస్ దగ్గర మాన్‌హట్టన్ బీచ్‌లో విల్లా బ్రూస్, చార్లెస్ బ్రూస్ అనే నల్లజాతి దంపతులు 1912లో సముద్రం పక్కన స్థలం కొని, తమవాళ్లు ప్రశాంతంగా వచ్చి ఈత కొట్టే చోటు పెట్టారు. వాళ్లకి ప్రైవేటు ఆస్తే నీడ. దాన్ని లాక్కున్నది 1924లో నగర ప్రభుత్వం, పార్కు కోసమని, ‘ప్రజల అవసరం’ అన్న పేరుతో. దశాబ్దాలు అక్కడ పార్కే రాలేదు. 2022లో, అప్పటికి ఆ భూమి చేతిలో ఉన్న లాస్ ఏంజెలెస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) దాన్ని వారసులకి తిరిగిచ్చింది. మరుసటేడు వాళ్లు దాన్ని 2 కోట్ల డాలర్లకు కౌంటీకే అమ్మారు. కాబట్టి ‘పబ్లిక్’ అన్న బోర్డు కనపడగానే నేను నిశ్చింతగా ఉండలేను. కనెక్టికట్‌లో గ్రీనిచ్ పట్టణం తన బీచ్ పార్కుని ఊరివాళ్లకి మాత్రమే అని ఉంచుకుంది. 1994లో జాగింగ్‌కి వచ్చిన ఒక లా విద్యార్థిని గేటు దగ్గరే ఆపారు. వాళ్లు ఆపింది లా విద్యార్థిని మరి! 2001లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. అయినా ఊరివాళ్లకే పార్కింగ్, బయటివాళ్లకి వాత పెట్టే ఫీజు లాంటి పద్ధతులు చాలా ఊళ్లలో నడుస్తూనే ఉన్నాయి. ఒక బీచ్ నిజంగా ఎవరిదో తెలియాలంటే యజమాని పేరు చూడక్కర్లేదు, పార్కింగ్ బోర్డు చూడండి.

మరి దారి సమస్య తీర్చినవాళ్లు లేరా? ఓరెగాన్ ఉంది. 1913లోనే గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ తడి ఇసుకని రాష్ట్ర రహదారిగా ప్రకటించే చట్టం తెచ్చారు. 1966లో కానన్ బీచ్‌లో ఒక మోటెల్ యజమాని పొడి ఇసుకలో తన గెస్టులకని హద్దు పెట్టడంతో అసలు గొడవ రాజుకుంది. పొడి ఇసుక చట్టంలో లేదు మరి. 1967లో గవర్నర్ టామ్ మెకాల్ సర్వేయర్లని వెంటబెట్టుకుని హెలికాప్టర్లో బీచ్ మీద దిగి, గీత ఎక్కడిదాకా వస్తే ఏమవుతుందో జనానికి, విలేకరులకి కొలిచి చూపించారు. ఆ ఏడాదే పొడి ఇసుకని కూడా జనం వాడుకునేలా చట్టం వచ్చింది. 1969లో కోర్టు కూడా, జనం మొదటినుంచీ వాడుకుంటున్నారన్న ఆచారమే చాలంది. ఇది నడిచింది ఎందుకంటే, తీరం వెంట గోడకి గోడ ఇళ్లు లేచేలోపే చేశారు. ఆ సమయం దాటిపోయిన చోట డబ్బు పెట్టాల్సిందే. న్యూజిలాండ్‌లో అవరోవా బీచ్ అమ్మకానికి వస్తే దాదాపు 40 వేల మంది చందాలేసి, 20 లక్షల న్యూజిలాండ్ డాలర్ల పైన పోగుచేసి, 2016లో కొని జాతీయ పార్కులో కలిపేశారు. ఒక్కసారి చేయడానికి అద్భుతం. ప్రతి బీచ్‌కీ హుండీ పట్టుకుని తిరగలేం. ఫ్లోరిడా అయితే ముందుకీ వెనక్కీ ఊగింది. పొడి ఇసుక మీద జనం పాత వాడుకని స్థానిక ప్రభుత్వాలు కోర్టుతో పనిలేకుండా సొంతంగా గుర్తించే వీల్లేదని 2018లో చట్టం చేసి, ఏడేళ్ల గొడవల తర్వాత 2025లో దాన్ని రద్దు చేసింది.

ఇప్పుడు సముద్రమే పైకొస్తోంది. నీటి మట్టం పెరిగితే ఇసుక సహజంగా వెనక్కి జరగాలి. వెనక ఇల్లో రాతిగోడో ఉంటే జరిగే చోటు లేదు. ముందు నీళ్లు, వెనక గోడ, మధ్యలో బీచ్ సన్నబడి సన్నబడి మాయమవుతుంది. మాలిబూలో ఇందాక చెప్పిన బుల్డోజర్ల బీచ్ పేరు బ్రాడ్ బీచ్, వెడల్పుకి పేరుపడ్డది. 2010 నాటికి ఇళ్లని కాపాడుకోవడానికి అక్కడ అత్యవసరంగా రాళ్లు పేర్చాల్సి వచ్చింది. టెక్సాస్‌లో 1959 నుంచి బీచ్‌లన్నీ జనానివని చట్టం ఉంది. సముద్రం లోపలికొస్తే జనం హక్కు కూడా దాంతోపాటే లోపలికి జరుగుతుందని అక్కడి ప్రభుత్వం వాదించేది. 2005లో రీటా హరికేన్ గాల్వెస్టన్ ద్వీపంలో పచ్చదనం గీతని ఒక ఇంటి స్థలంలోకి తోసేసింది. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, మెల్లగా కోసుకుపోతే హక్కు జరుగుతుంది, తుపానుతో ఒక్కసారిగా పోతే జరగదట. అలకి ఈ తేడా ఎవరు చెప్తారు? ఇకనుంచి తీరంలో రాతిగోడకి పర్మిట్ ఇచ్చేటప్పుడు, ఆ గోడ వల్ల మునిగిపోయే నడక బాటకి బదులు గోడ మీదో వెనకో ఇంకో బాట అడగాలి. ఇది నోలన్ తీర్పుకి కూడా నిలబడుతుంది, నష్టానికీ అడిగేదానికీ సంబంధం ఉంది కాబట్టి.

మార్టిన్స్ బీచ్ మీద 2020 జనవరిలో రాష్ట్రమే కేసు వేసింది. దశాబ్దాల వాడుకతో ఆ దారి జనానిదే అయిందని ఈసారి ప్రభుత్వం నేరుగా అంది. అందుకు సాక్ష్యం ఏమిటి? పాత ఫొటోలు, వల పట్టుకుని వచ్చినవాళ్ల జ్ఞాపకాలు. ఆ వల పట్టుకున్న చేతులు ఇప్పుడు ముసలివి. ఎక్కడైనా ఇలాంటి దారి ఉంటే, తగాదా రాకముందే స్థానిక అధికారులు ఒక సర్వే చేసి, ఎవరు ఎప్పటినుంచి నడుస్తున్నారో రాసి, యజమానికి పన్నులో ఏదైనా మినహాయింపు ఇచ్చి, మ్యాపులో ఎక్కించాలి. వాళ్లు చెయ్యకపోతే మనమైనా ఒక పని చేయొచ్చు. అలాంటి బీచ్‌కి వెళ్లినప్పుడు అలల ముందు సెల్ఫీతో సరిపెట్టకుండా గేటు, దారి, బోర్డు కనపడేలా తేదీతో సహా ఇంకో ఫొటో తీసి దాచుకోండి.